కోతి గీరితే ఎయిడ్స్ వస్తుందా?

ప్రశ్న: మేడ మీద వడియాలకు కాపలా కూర్చున్న మా పదేళ్ల బాబు మీదికి కోతి దూకి మోచేతి దగ్గర గీరింది. కొంచెం రక్తం కూడా వచ్చింది. నిన్ననే మొదటి కుక్కకాటు సూది వేయించాం. ఎయిడ్స్ పుట్టిందే కోతుల నుంచి అని పక్కింటావిడ చెప్పినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. హెచ్ఐవీ పరీక్ష చేయించమంటారా? వాడేమో ‘మరి కోతికి ఎయిడ్స్ రాదా?’ అని అడుగుతున్నాడు.
- ఒక తల్లి, సిద్దిపేట

జవాబు: పరీక్ష అక్కర్లేదమ్మా. మీ మేడెక్కేది ఎర్రమూతి కోతైనా, నడినెత్తిన పాపిడి తీసినట్టుండే మన దక్షిణాది కోతైనా, హెచ్ఐవీకి మూలమైన ఎస్ఐవీ అనే వైరస్ వాటికి అడవిలో సహజంగా ఉండదు. అది ఆఫ్రికా కోతులది. అక్కడ నలభైకి పైగా జాతుల్లో కనిపించింది. మీ పక్కింటావిడ మాట పూర్తిగా అబద్ధమేం కాదు. హెచ్ఐవీ-2 పశ్చిమాఫ్రికాలోని సూటీ మాంగబీ కోతుల నుంచి వచ్చింది. ప్రపంచమంతా పాకిన హెచ్ఐవీ-1 ఆగ్నేయ కామెరూన్ చింపాంజీల నుంచి వచ్చింది. వేటాడిన జంతువును కోసేటప్పుడు దాని రక్తం మనిషి గాయానికి తగిలి ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా.

ఇక మీవాడి ప్రశ్న. నేను జువాలజీ చెప్పిన రోజుల్లో డిగ్రీ పిల్లలు కూడా ఇది అడగలేదు! సూటీ మాంగబీ ఒంట్లో వైరస్ దండిగా ఉంటుంది, అయినా అది దాదాపుగా జబ్బు పడదు. వైరస్ సోకిన కొత్తలో దాని రోగనిరోధక వ్యవస్థ గట్టిగానే తిరగబడుతుంది, కొన్ని వారాల్లో శాంతిస్తుంది. మన ఒంట్లో ఆ పోరు ఏళ్ల తరబడి ఆగదు, చివరికి ఆ వ్యవస్థే చితికిపోతుంది. పైగా వైరస్ కణంలోకి దూరడానికి పట్టుకునే సీసీఆర్5 అనే ప్రొటీన్, మాంగబీ ముఖ్యమైన కణాల మీద చాలా తక్కువ.

ఈ సర్దుబాటుకు ఎంతో కాలం పట్టింది. పశ్చిమాఫ్రికా తీరానికి ఎదురుగా బయోకో అనే దీవి ఉంది. సముద్రమట్టం పెరిగి అది ప్రధాన భూభాగం నుంచి విడిపోయి పదివేల ఏళ్లు దాటింది. అక్కడి కోతుల్లోని ఎస్ఐవీ రకాలను అవతలి ఒడ్డు కోతుల వాటితో పోల్చి, ఈ వైరస్ వయసు కనీసం 32 వేల ఏళ్లని 2010లో లెక్కగట్టారు.

మరి అలవాటు లేని కోతికి సోకితే? అమెరికా ప్రయోగశాలల్లో మాంగబీల వైరస్ ఆసియా కోతులకు అంటుకుంది. వాటిలో మన ఎర్రమూతివీ ఉన్నాయి. అవి అచ్చం ఎయిడ్స్ లాంటి జబ్బుతో చచ్చిపోయాయి. ఆ వైరస్‌ను 1985లో గుర్తించారు. కాబట్టి కోతికీ వస్తుందని, కాకపోతే తన జాతిది కాని వైరస్ సోకినప్పుడని మీవాడికి చెప్పండి. కోతులను వేటాడి తినే చింపాంజీలకు వైరస్ వాటి నుంచే వచ్చింది. అది వాటికి ఇంకా పూర్తిగా అలవాటు పడలేదు. టాంజానియాలోని గోంబేలో, వైరస్ సోకిన చింపాంజీలకు చావు ముప్పు మిగతావాటి కన్నా పది రెట్లకు పైనే ఉందని 2009లో తేలింది.

మన కోతుల్లో హెచ్ఐవీ కుటుంబానికి చెందిన రెట్రోవైరస్‌లే లేవని మాత్రం అనను. ఫోమీ వైరస్ అని ఒకటుంది, లాలాజలంలో ఉంటుంది, కాటు ద్వారా మనిషికి సోకుతుంది. బంగ్లాదేశ్‌లో కోతుల మధ్య బతికేవాళ్లలో కొందరికి సోకింది కూడా. దానివల్ల మనుషులకు జబ్బు వచ్చినట్టు ఇంతవరకూ బయటపడలేదు.

మీరు భయపడాల్సింది రేబిస్‌కు. రక్తం వచ్చిందన్నారు కదా, సూదితో పాటు గాయంలో ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్ వైరస్‌ను వెంటనే అడ్డుకునే తయారు యాంటీబాడీల మందు) కూడా వేశారేమో చీటీ చూడండి. వేయకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లి అడగండి. మొదటి సూది పడ్డాక ఏడు రోజులు దాటితే అది వేయరు. మిగతా సూదుల తేదీల్లో ఒక్కటీ తప్పనివ్వకండి.