ఆ మెయిల్‌ని మాత్రం డిలీట్ చేయకండి

ప్రశ్న: నా అకౌంట్‌లోకి ఎవరో లాగిన్ అయ్యారని, వెంటనే పాస్‌వర్డ్ మార్చుకోమని మైక్రోసాఫ్ట్ పేరుతో మెయిల్ వచ్చింది. కంగారులో లింకు నొక్కి పాస్‌వర్డ్ కొట్టేశాను. తర్వాత కార్డు వివరాలు అడిగేసరికి అనుమానం వచ్చి ఆపేశాను. అది కంపెనీ మెయిలేనా? నా మీద కేసేమైనా అవుతుందా? మెయిల్ తీసేయమంటారా? – ఒక పాఠకురాలు

జవాబు: తీసేయకండమ్మా. ముందు బ్రౌజర్‌లో కంపెనీ అడ్రస్ మీరే టైప్ చేసి లోపలికి వెళ్లి పాస్‌వర్డ్ మార్చండి. అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడుతుంటే అక్కడా మార్చాలి. టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు రెండో రుజువు కూడా అడిగే ఏర్పాటు) ఆన్ చేయండి.

మీరు రాసినదాన్ని బట్టి అది మోసమే. లాగిన్ హెచ్చరికకు కార్డుతో పనేముంది? కానీ కంపెనీలు నిజంగానే ఇలాంటి హెచ్చరికలు పంపుతాయి, చిక్కంతా అక్కడే. పంపినవారి పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. చూడాల్సింది మెయిల్ అడ్రస్‌లో యట్ (@) గుర్తు తర్వాతి భాగం. మైక్రోసాఫ్ట్ అకౌంట్ హెచ్చరికలైతే 'అకౌంట్‌ప్రొటెక్షన్ డాట్ మైక్రోసాఫ్ట్ డాట్ కామ్' నుంచి వస్తాయి. డాట్ కామ్‌కు సరిగ్గా ముందున్న పేరు ఎవరిదో, ఆ మెయిల్ అడ్రస్ వాళ్లది. అంతకుముందు ఎంత పెద్ద కంపెనీ పేరున్నా లెక్కలోకి రాదు. ఒక క్లయింటు తెచ్చిన మెయిల్‌లో ఇంగ్లిష్ చిన్న 'ఎమ్' (m) ఉండాల్సిన చోట 'ఆర్', 'ఎన్' (rn) అతుక్కుని ఉన్నాయి. ఫోన్‌లో రెండుసార్లు చూసినా నాకు తేడా తెలియలేదు, కంప్యూటర్‌లో అక్షరాలు పెద్దవి చేస్తేగానీ దొరకలేదు.

అందుకే కంటి మీద భారం పెట్టొద్దంటాను. అకౌంట్‌లోకి మీ దారిన మీరు వెళ్లి, ఇటీవలి లాగిన్ల పేజీ చూడండి. మీకు తెలియని లాగిన్ ఉంటే అక్కడే కనబడుతుంది, మెయిల్‌తో పనే లేదు. ఓటీపీ చెప్పమన్నా, ఇచ్చిన నంబరుకు ఫోన్ చేయమన్నా అక్కడితో ఆపేయండి.

ఇక కేసు సంగతి. మోసపోవడం నేరం కాదు, ఆ టెన్షన్ వదిలేయండి. కంప్యూటర్ ద్వారా మరొకరిలా నటించి మోసం చేస్తే ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం 66డి సెక్షన్ కింద 3 సంవత్సరాల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. మోసగాడి ప్రయత్నం మధ్యలో ఆగిపోయినా అతనికి 84సి కింద శిక్ష ఉంది. కాబట్టి డబ్బు పోకపోయినా మీరు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయొచ్చు, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు.

ఒకవేళ కార్డు నంబరు సగంలో ఆపకుండా ఇచ్చి ఉంటే, బ్యాంకుకు ఈ గంటలోనే చెప్పండి. వివరాలు మనమే ఇచ్చినప్పుడు, బ్యాంకుకు చెప్పేవరకు పోయిన సొమ్ము మనదే, చెప్పిన తర్వాత పోయింది బ్యాంకుదని రిజర్వ్ బ్యాంక్ 2017 జూలై సర్క్యులర్‌లో ఉంది. ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి.

మెయిల్ ఉంచమన్నది సాక్ష్యం కోసం. అది ఏ సర్వర్ నుంచి బయల్దేరిందో చెప్పే హెడర్ అసలు మెయిల్‌లోనే ఉంటుంది. స్క్రీన్‌షాట్‌లో రాదు, మామూలుగా ఫార్వర్డ్ చేసినా పోతుంది. మెయిల్‌ని ఫైలుగా డౌన్‌లోడ్ చేసి ఒక కాపీ విడిగా దాచండి. కోర్టు వరకు వెళ్తే దానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. ఆ పని మీ వకీలు చూసుకుంటారు.