క్యాబిన్ పలకను కోసి చూపించండి

ప్రశ్న: మా కళాశాలలో ఏరోనాటికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం విద్యార్థులకు పర్యావరణహితమైన విమాన క్యాబిన్ రూపకల్పన గురించి పాఠం చెబుతున్నాను. ప్రాజెక్టు అనగానే అందరూ జనపనారతోనో వెదురుతోనో సీట్లు, పలకలు చేస్తామంటున్నారు. వారి ఉత్సాహం తగ్గకుండా అసలు సంగతి ఎలా నేర్పాలి?
– ఒక అధ్యాపకురాలు, హైదరాబాద్

జవాబు: జనపనార వద్దనకండి, దానికి నిప్పు పరీక్ష పెట్టించండి. క్యాబిన్ గోడలకూ సీలింగుకూ వాడే పదార్థపు ముక్కను నిలువుగా వేలాడదీసి 60 సెకన్లు మంట పెడతారు. మంట తీశాక అది సగటున 15 సెకన్లలోపు ఆరిపోవాలి, కాలిన పొడవు 6 అంగుళాలు మించకూడదు, కరిగి రాలిన బొట్టు 3 సెకన్లకు మించి మండకూడదు. పెద్ద పలకలకైతే వెలువడే వేడికీ, పొగకూ వేరే పరిమితులున్నాయి. 1985లో మాంచెస్టర్ విమానాశ్రయంలో, నేల మీదే నిప్పంటుకున్న విమానంలో 55 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమందిని బలిగొన్నవి పొగ, విషవాయువులే. ఈ సంగతి చెప్పకుండా అంకెలు మాత్రమే అప్పజెప్పించడం నాకు సమ్మతం కాదు.

నార మంటను తట్టుకోవాలంటే రసాయనాలు కలపాలి, కలిపితే బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే ఇంధనం ఎక్కువ మండుతుంది. కిలో విమాన ఇంధనం మండితే సుమారు 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కాబట్టి, ఏళ్ల తరబడి మోయాల్సిన ఆ అదనపు బరువు వల్ల, నార వాడి తగ్గించిన కార్బన్ అంతా తిరిగి గాలిలో కలవచ్చు. ఈ లెక్కను విద్యార్థుల చేతే వేయించండి.

ఆ తర్వాత వాడకం నుంచి తీసేసిన పలక ఒకటి సంపాదించండి. శంషాబాద్ విమానాశ్రయ ఆవరణలోనే మరమ్మతు కేంద్రం ఉంది కనుక అక్కడ అడిగి చూడవచ్చు. మాస్కులు పెట్టించి, పలకను అడ్డంగా కోయించండి. మధ్యలో తేనెపట్టులా ఆరు భుజాల గదులతో, రెసిన్‌లో (గట్టిపడే జిగురులాంటి పదార్థంలో) ముంచిన గోధుమరంగు అరామిడ్ (వేడిని తట్టుకునే కృత్రిమ నార) కాగితం. దానికి రెండువైపులా ఫినాలిక్ అనే రకం రెసిన్ పట్టించిన పలుచని గాజునార. గోటితో ఎంత లాగినా పొర ఊడి రాదు. ఫినాలిక్ గట్టిపడ్డాక మళ్లీ కరగదు కాబట్టి దాన్ని కరిగించి ఇంకో వస్తువు పోయలేం. మంటలో తక్కువ పొగ వదులుతుందని ఎంచుకున్న పదార్థమే చివరికి చెత్తకుప్పకు చేరుతోందని చేత్తో తాకినప్పుడు అర్థమైనంతగా స్లైడ్లలో అర్థం కాదు.

కాబట్టి ప్రాజెక్టులో కొత్త పదార్థం ఏమిటని అడగడం కన్నా, పాత సీటు ఒకటి ఇచ్చి అల్యూమినియం చట్రం, నురుగు, కవరు వేటికవి విడదీయమనండి. ఒక్కో అతుకు దగ్గర ఏ పనిముట్టు పట్టిందో, ఎన్ని నిమిషాలు పట్టిందో, విడదీసేటప్పుడు ఏది చిరిగిపోయిందో రాయించి, ఆ అతుకుల్లో ఒకదాన్ని బరువు పెరగకుండా తిరిగి రూపొందించమనండి.