గోల్ఫ్‌లో రెండో బంతి కొట్టేశాక మొదటిది గుంటలో దొరికితే హోల్-ఇన్-వన్ (ఒక్క షాట్‌తోనే గుంటలో వేయడం) చెల్లుతుందా?

మీ ప్రశ్న ఇదీ: పార్-3 (మూడు షాట్లలో ముగించాల్సిన హోల్) మీద టీ షాట్, అంటే మొదటి షాట్, గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) వైపే వెళ్లి కనబడకుండా పోయింది. ఎందుకైనా మంచిదని ఇంకో బంతి కొట్టారు. వెళ్లి చూస్తే మొదటిది గుంటలో ఉంది. "రెండోది కొట్టేశావుగా, మొదటిది చెల్లదు" అని తోటివాళ్లు తేల్చేశారు.

చెల్లుతుంది. మొదటి బంతి గుంటలో పడగానే ఆ హోల్ అయిపోయింది. ఆ తర్వాత మీరు కొట్టింది ఆ హోల్ లెక్కలోకే రాదు, పెనాల్టీ కూడా లేదు. 'ప్రొవిజనల్' (మొదటిది దొరక్కపోతే వాడే బంతి) అని చెప్పి కొట్టారా, మరిచిపోయారా అన్నది ఇక్కడ అనవసరం. వెతకడానికిచ్చే మూడు నిమిషాలు దాటినా అంతే. క్లబ్బుల్లో ఈ రూల్‌ని తలకిందులుగా చెప్పేవాళ్లకు గొంతు మాత్రం గట్టిది.

కావాల్సిందల్లా ఆ బంతి మీదేనని తేలడం. ఒకే బ్రాండు, ఒకే నంబరు బంతులు ఇద్దరి దగ్గరా ఉంటే గొడవే. ఆడే ముందు పెన్నుతో రెండు చుక్కలు పెట్టుకోవడానికి ఏం బద్ధకమో!

అసలు తికమక బంతి పిన్‌కి (గుంటలో నిలబెట్టిన జెండా కర్రకి) ఆనుకుని ఆగినప్పుడు. గుంట వెడల్పు 108 మి.మీ. పిన్ మందం 19 మి.మీ. అనుకుంటే ఒక్కో పక్క 44.5 మిగులుతుంది. బంతి 42.67. రెండు మి.మీ. కూడా సందు లేదు, పిన్ కాస్త ఒరిగితే బంతి ఇరుక్కుంటుంది. అప్పుడు ఎగిరి గంతేసి పిన్ పీకేయకండి. వంగి, గ్రీన్ ఎత్తుకి కన్ను పెట్టి చూడండి. బంతిలో ఏ కొంచెమైనా ఉపరితలం కిందికి దిగి ఉంటే అది గుంటలో పడినట్టే. 2019 నుంచి రూల్ ఇదే, పిన్ కదిపి కిందికి జారవిడవాల్సిన పని లేదు. దిగకుండా అంచు మీదే ఉంటే మాత్రం పడనట్టే. పిన్ తీసినప్పుడు లోపలికి జారినా, తెచ్చి అంచు మీద పెట్టాల్సిందే.

అంచు మీద వేలాడే బంతికి ఇంకో లెక్క. గుంట దగ్గరికి మామూలు నడకతో చేరాక పది సెకన్లు ఆగొచ్చు. ఆలోపు పడితే 1. పదకొండో సెకనులో దానంతటదే పడితే ఒక పెనాల్టీ కలిసి 2. అంత దాకా వచ్చి!

అడగకపోయినా ఒకటి చెప్తాను. హోల్-ఇన్-వన్ అదృష్టమే గానీ, గుంట దాకా రాని బంతికి ఆ అదృష్టం కూడా లేదు. అమెచ్యూర్ల షాట్లు ఎక్కువగా పిన్‌కి ముందే ఆగుతాయి, ఎందుకంటే జీవితంలో ఒక్కసారి కొట్టిన బెస్ట్ షాట్‌ని లెక్కేసుకుని క్లబ్ (బంతి కొట్టే కర్ర) తీస్తారు. గ్రీన్ 25 మీటర్ల లోతుంటే ముందు పిన్‌కీ వెనక పిన్‌కీ రెండు క్లబ్బుల తేడా. జీపీఎస్ గ్రీన్ మధ్యకి చూపిస్తోందా, పిన్‌కి చూపిస్తోందా చూసుకోండి. 7 ఐరనా, 6 ఐరనా అన్న సందేహం వస్తే ఎక్కువ దూరం పోయే 6 తీయండి. అలాగని మరీ వేగంగా దొర్లినా లాభం లేదు. పిన్ లేని చదును గ్రీన్ మీద బంతి వేగం సెకనుకు సుమారు 1.6 మీటర్లు దాటితే నడిమధ్యకి వచ్చినా గుంట మీంచి వెళ్లిపోతుంది.

మిగతాది దైవాధీనం. 2001 ఫీనిక్స్ ఓపెన్ టోర్నీలో గోల్ఫర్ ఆండ్రూ మాగీ 332 గజాల పార్-4 పదిహేడో హోల్‌లో డ్రైవర్‌తో (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్‌తో) కొట్టాడు. ముందు గ్రూపు ఇంకా గ్రీన్ మీదే ఉంది. బంతి దొర్లుకుంటూ వెళ్లి ఆ గ్రూపులోని టామ్ బైరమ్ పటర్‌కి (గ్రీన్ మీద వాడే క్లబ్‌కి) తగిలి గుంటలోకి మళ్లింది. అదీ హోల్-ఇన్-వనే.

ఇక మీ సంగతి. ఆ రోజు ఆడింది స్ట్రోక్ ప్లే (మొత్తం షాట్లు లెక్కేసే) పోటీ అయ్యి, తోటివాళ్ల మాట విని కార్డులో రెండో బంతి స్కోరు వేసి, సంతకం పెట్టి ఇచ్చేసి ఉంటే ఇక చేసేదేం లేదు. అసలు స్కోరు కన్నా ఎక్కువ రాసిచ్చిన కార్డు అలాగే నిలబడుతుంది. ఇంకా ఇవ్వలేదంటే ఇప్పుడే 1 వేయించండి.