నాయన లివర్‌లో గడ్డ: రేడియేషన్ పూసల కోసం రెండుసార్లు ఎందుకు రమ్మంటున్నారు?

ప్రశ్న: మాది ఆదోని. మా నాయనకు 58 ఏళ్లు. హెపటైటిస్-బి ఉందని పోయినేడాదే తెలిసింది. ఇప్పుడు లివర్ కుడివైపు 7 సెంటీమీటర్ల క్యాన్సర్ గడ్డ ఉందని, అది లివర్‌కు రక్తం తెచ్చే పోర్టల్ సిర కొమ్మలోకి పాకిందని కర్నూలులో స్కాన్ తీసి చెప్పారు. ఆపరేషన్ కుదరదన్నారు. హైదరాబాద్ తీసుకెళ్తే అక్కడ రక్తనాళంలోకి రేడియేషన్ పూసలు పంపుతామన్నారు. పోయిన వారం తొడ దగ్గర పైపు వేసి ఏదో పరీక్ష చేసి, అసలు మందు ఇవ్వకుండానే ఇంటికి పంపేశారు. రెండు వారాలకు మళ్లీ రమ్మన్నారు. డబ్బు కోసమే ఇలా తిప్పుతున్నారని బంధువులు అంటున్నారు. రక్తనాళం మూసేస్తే లివర్ చెడిపోదా? మా చెల్లెలు ఐదో నెల గర్భిణి, ఇంట్లోనే ఉంది. ఆమెకు ప్రమాదమా? కామెర్ల పరీక్షలో బిలిరుబిన్ 1.3 ఉంది, కడుపులో నీరు లేదు.

జవాబు: అమ్మా, ముందు మీ బంధువుల మాట సంగతి చూద్దాం, ఎందుకంటే అలాంటి మాటలు విని రెండోసారి వెళ్లకుండా ఆగిపోయినవాళ్లు ఉన్నారు. పోయిన వారం చేసిన పరీక్షను మ్యాపింగ్ అంటారు. నన్నడిగితే ఈ చికిత్స మొత్తంలో అతి ముఖ్యమైన రోజు అదే. సన్నటి గొట్టాన్ని లివర్ ధమని దాకా తీసుకెళ్లి, డై వేసి, గడ్డకు ఏయే కొమ్మల నుంచి రక్తం అందుతోందో ఒక్కొక్కటీ చూస్తారు. కడుపుకు, చిన్నపేగు మొదటి భాగానికి పోయే కొమ్మలు కొందరిలో అనుకోని చోట నుంచి బయల్దేరతాయి. పూసలు అటు జారాయంటే అక్కడ పుండు పడుతుంది, అది ఒక పట్టాన మానదు. ఆ తర్వాత స్కాన్‌లో కనబడేలా టెక్నీషియం అనే రేడియేషన్ పదార్థం కలిపిన అల్బుమిన్ (ఒక ప్రోటీన్) రేణువులు కొద్దిగా పంపి స్కాన్ తీస్తారు, అసలు పూసలు పంపితే ఎటు పోతాయో దాంట్లో ముందే తెలుస్తుంది. గడ్డలో అడ్డదారులుంటే కొంత భాగం ఊపిరితిత్తుల్లోకి వెళ్లిపోతుంది. ఒక విడతలో ఊపిరితిత్తులకు 30 గ్రే (రేడియేషన్‌ను కొలిచే యూనిట్) మించి రేడియేషన్ తగలకూడదని లెక్క. మీ నాయనకు గడ్డ సిరలోకి కూడా పాకింది కాబట్టి ఈ లెక్క చూడకుండా మందు ఎక్కించే డాక్టర్ ఉంటే నేను భయపడతాను.

ఈ లెక్కలన్నీ తేలాకే ఆయనకు సరిపడా డోసు తెప్పిస్తారు, మధ్యలో రెండు వారాలు అందుకే. పూసల్లో ఉండేది యిట్రియం-90 అనే రేడియేషన్ పదార్థం. దాని శక్తి దాదాపు 64 గంటలకు సగమైపోతుంది. అంటే ఆ డోసును దాచిపెట్టి వచ్చే వారం వాడుకోవడం కుదరదు. బస్సు ఆలస్యమైందనో ట్రైన్ తప్పిపోయిందనో అనుకునే పరిస్థితి రాకుండా ముందురోజే హైదరాబాద్ చేరుకోండి. ఈలోపు జ్వరమో ఇంకేదో వస్తే డోసు బయల్దేరకముందే వాళ్లకు ఫోన్ చేసి చెప్పండి.

ఇక రక్తనాళం మూసేయడం గురించి. మీ ఆదోని వైపు ఒక చేను తుంగభద్ర కాలువ కింద పారుతుంది, పక్క చేను బోరు కింద పారుతుంది కదా. బోరు పైపులో మందు కలిపితే అది బోరు కింది చేనుకే పోతుంది. లివర్ కూడా అలాగే, దానికి రక్తంలో సుమారు 75 శాతం పోర్టల్ సిర నుంచి వస్తుంది, మిగతాది ధమని నుంచి. బాగున్న లివర్ ఎక్కువగా సిర మీద ఆధారపడితే, గడ్డ మాత్రం దాదాపు పూర్తిగా ధమని మీదే బతుకుతుంది. అందుకే ధమనిలో పంపిన పూసలు ఎక్కువ భాగం గడ్డలోకే చేరతాయి. ఒక్కో పూస 20 నుంచి 60 మైక్రాన్లు, వెంట్రుక కన్నా సన్నం. అవి గడ్డలోని చిన్నచిన్న నాళాల్లో ఇరుక్కుంటాయి గానీ పెద్ద నాళాన్ని మూసేయవు, గడ్డను చంపేది వాటి నుంచి వచ్చే బీటా రేడియేషన్. అది సగటున రెండున్నర మిల్లీమీటర్లు, మహా అయితే 11 మిల్లీమీటర్ల దూరం పోతుంది. కీమో మందు పెట్టి ధమనిని గట్టిగా మూసే టేస్ అనే పద్ధతి వేరే ఉంది. మీ నాయనకు సిర కొమ్మ ఇప్పటికే గడ్డతో నిండి ఉంది, ధమనిని కూడా మూస్తే ఆ వైపు లివర్‌కు రక్తం బాగా తగ్గిపోతుంది. బహుశా అందుకే మీ డాక్టర్లు ఈ దారి ఎంచుకుని ఉంటారు.

అలాగని దీన్ని అద్భుతం అనుకోవద్దు. ఫ్రాన్స్‌లో జరిగిన సారా (SARAH), ఆసియా-పసిఫిక్ దేశాల్లో జరిగిన సిర్వెనిబ్ (SIRveNIB) అనే రెండు పెద్ద అధ్యయనాల్లో సొరాఫెనిబ్ అనే క్యాన్సర్ మాత్రలతో పోలిస్తే దీనివల్ల ఆయుష్షు పెరగలేదు, కాకపోతే బాధలు తక్కువగా ఉన్నాయి. ఆ తర్వాత అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ అనే ఇంజెక్షన్ల జోడీ వచ్చింది. సిరలోకి పాకిన గడ్డలకు ఇప్పుడు దాన్ని బాగా వాడుతున్నారు. ఇది మా నాయనకు పనికొస్తుందా, పూసల తర్వాత ఇస్తారా అని మొహమాటపడకుండా అడగండి. గడ్డ బాగా చిన్నదైతే ఆపరేషన్ గురించి మళ్లీ ఆలోచించే అవకాశం కొందరికి ఉంటుంది.

బిలిరుబిన్ 1.3 ఉండటం, నీరు లేకపోవడం మంచి విషయాలు. అది 2 దాటితే చాలామందికి ఈ చికిత్స ఆపేస్తారు. కాబట్టి ఈ రెండు వారాలు లివర్‌ను జాగ్రత్తగా కాపాడుకోవాలి. కామెర్లకు పసరు పోస్తామని ఎవరైనా వస్తే దయచేసి వద్దనండి, కొన్ని పసర్లతో, పొడులతో లివర్ చెడిపోయినవాళ్లు ఉన్నారు, చేయాల్సిన చికిత్స చేయలేని స్థితికి వచ్చేస్తారు. సారా, బీరు చుక్క కూడా ముట్టకూడదు. హెపటైటిస్ మాత్ర, అది టెనోఫోవిర్ అయినా ఎంటెకావిర్ అయినా, ఒక్కరోజు కూడా మానకూడదు.

పూసలు పంపాక పది పదిహేను రోజులు నీరసం, కొద్దిగా జ్వరం, వికారం, కుడి డొక్కలో నొప్పి ఉంటాయి, టెన్షన్ పడకండి. నెలకు తీసిన స్కాన్‌లో గడ్డ అంతే ఉందని కుంగిపోవద్దు, ఫలితం సరిగ్గా తెలిసేది మూడో నెలకు. కళ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా, కొత్తగా ఆయాసం, పొడి దగ్గు వచ్చినా, మలం నల్లగా పోయినా మాత్రం అదే రోజు ఫోన్ చేయండి. ముఖ్యంగా నాలుగో వారం నుంచి రెండో నెల దాకా గమనిస్తూ ఉండండి.

మీ చెల్లెలి విషయం. బీటా రేడియేషన్ చాలావరకు ఆయన ఒంట్లోనే ఆగిపోతుంది, బయటికి వచ్చేది బాగా తక్కువ. అయినా వారం రోజులు ఆమె, చిన్నపిల్లలు మీటరు దూరంలో ఉంటే చాలు, ఒకే మంచం మీద పడుకోకుండా చూడండి. కలిసి తినొచ్చు, అదే బాత్రూం వాడొచ్చు. డిశ్చార్జ్ కాగితంలో ఇంకేమైనా రాసిస్తే అదే పాటించండి.

నాకు ఆమె గురించి అంతకన్నా పెద్ద ఆందోళన హెపటైటిస్-బి. నాయనకు ఉందంటే మీ అమ్మగారు, మీరు, చెల్లెలు అందరూ హెచ్‌బీఎస్ఏజీ రక్తపరీక్ష చేయించుకోవాలి, లేదని తేలినవాళ్లు టీకా వేయించుకోవాలి. గర్భిణులకు చేసే పరీక్షల్లో ఇది ఉంటుంది కాబట్టి ముందు ఆమె కార్డు తీసి చూడండి, రాసి లేకపోతే ఈ వారమే చేయించండి. ఒకవేళ ఉందని తేలితే కాన్పుకు ముందే డాక్టర్‌కు చెప్పి ఉంచాలి, పుట్టిన బిడ్డకు 12 గంటల్లోపు టీకా, దాంతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు) ఇంజెక్షన్ పడాలి. ఆ ఇంజెక్షన్ అన్నిచోట్లా ఉండదు, కాన్పు ఆదోనిలో అనుకున్నా కర్నూలులో అనుకున్నా అక్కడ దొరుకుతుందో లేదో ఏడో నెలలోనే అడిగి పెట్టుకోండి.