చిట్టీ, ముందు కడుపునిండా తినవే

చిట్టీ,

నువ్వు జిమ్‌లో చేరావని, కండ పెరగాలి కానీ పొట్ట మాత్రం రాకూడదని తెగ లెక్కలేసుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మనింట్లో నా తర్వాత బరువులెత్తేది నువ్వేనే, వినగానే భలే గర్వంగా అనిపించింది. ఫోన్ పెట్టేశాక మాత్రం గుబులు పట్టుకుంది. ఎందుకో చెప్తా, ముందు చిల్లర విషయాలు అవ్వనీ.

ప్రోటీన్ కేజీ బరువుకి 1.6 నుంచి 2.2 గ్రాములు, అంటే నీ 52 కేజీలకి రోజుకి 85 నుంచి 115 దాకా. గుడ్డుకి 6 గ్రాములే వస్తుంది, రెండు తినేసి అయిపోయిందనుకోకు. క్రియాటిన్ (జిమ్‌కెళ్లేవాళ్లు బలం కోసం నీళ్లలో కలుపుకునే పొడి) వాడితే రోజుకి 3 నుంచి 5 గ్రాములు, కండల్లో నీళ్లు చేరి మొదట్లో ఓ కేజీ పెరగొచ్చు, అది కొవ్వు కాదు, కంగారు పడకు. నిద్ర గురించి చెప్పను, ఎలాగూ వినవు.

ఇక అసలు సంగతి. 22 ఏళ్లప్పుడు నాకూ నీలాగే రెండూ కావాలి, కండా కావాలి, నాజూకూ పోకూడదు. కార్బ్స్, అంటే అన్నం, చపాతీ లాంటివి, మొత్తం మానేశా. తిన్నదంతా ఓ నోట్‌బుక్‌లో రాసి, రోజుకి 1300 క్యాలరీలు దాటితే ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టేదాన్ని, రెండు గంటలు బరువులెత్తి వచ్చి మరీ! మూడో నెలకి వేళ్లు ఎప్పుడూ చల్లగా ఉండేవి, దువ్వితే జుట్టు గుప్పెడు ఊడేది, ఎత్తే బరువు అంగుళం ముందుకి కదల్లేదు. నెలసరి ఆగిపోయింది. దానికి నేను భయపడ్డానా అంటే లేదే, పీడా పోయిందని సంబరపడ్డా. చూసినవాళ్లంతా బాగా తగ్గావే అని మెచ్చుకుంటుంటే ఇంకేం కావాలి.

ఏడో నెలలో పాదం నొప్పి. డాక్టర్ బొటనవేలితో ఒక్కచోట నొక్కాడు, కెవ్వుమన్నా. ఎముకలో సన్న చీలిక. తర్వాత ఆయన అడిగింది, చివరిసారి నెలసరి ఎప్పుడొచ్చిందమ్మా అని. కాలు నొప్పికి ఇదేం ప్రశ్న అని ఒళ్లు మండింది, వేళ్లమీద లెక్కపెడుతూ ఐదు దగ్గర ఆగి నోరెత్తలేదు. తిండి చాలకపోతే ఒళ్లు గుండెనీ మెదడునీ కాపాడుకోడానికి మిగతా ఖర్చులు తగ్గించేస్తుందట, నెలసరి ఆగాక ఈస్ట్రోజన్ అనే హార్మోన్ పడిపోయి ఎముక బలం తగ్గుతుందట. దీన్ని ఇప్పుడు రెడ్-ఎస్ అంటున్నారు, 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ పెట్టిన పేరు. మా రోజుల్లో పేరు లేదు, మెచ్చుకోళ్లే.

అందుకే చెప్తున్నా, తిను. ఇప్పుడు బరువు నిలకడగా ఉండేలా తింటున్నదానికన్నా రోజుకి 200, 300 క్యాలరీలు ఎక్కువ, అంతే, కొండంత అక్కర్లేదు. వారానికి 150 నుంచి 250 గ్రాములు పెరిగితే చాలు. పొద్దున్నే బాత్రూంకి వెళ్లొచ్చి రోజూ బరువు చూసి వారం సగటు తీసుకో, నెలసరి ముందు నీరు పడుతుంది కాబట్టి ఆ వారాన్ని పోయిన నెల అదే వారంతో పోల్చు, ముందు వారంతో కాదు. రెండు వారాలకోసారి బొడ్డు దగ్గర టేపు పెట్టు. ఎత్తే బరువు ఆగిపోయి టేపు మాత్రం పెరుగుతుంటే ఓ 100 క్యాలరీలు తగ్గించు. కార్బ్స్ మాత్రం మానకు, ముఖ్యంగా జిమ్‌కి వెళ్లేముందు పూట. కొత్తలో కాస్త కొవ్వు కరుగుతూనే కండ పెరగడం కూడా జరుగుతుంది, ఆ అదృష్టాన్ని పస్తులుండి పాడుచేసుకోకే పిచ్చిదానా. కొంచెం మెత్తబడతావ్, పడనీ.

నెలసరి ఒక్కసారి తప్పినా నాకు చెప్పు, అమ్మతో మొహమాటమైతే నాకే మెసేజ్ పెట్టు, అర్ధరాత్రైనా సరే. డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్తా.

అవునూ, 40 కేజీలు స్క్వాట్ చేసిన వీడియో అమ్మకి పంపావట, నాకెందుకు పంపలేదే?

మీ పిన్ని