సంతకం పెట్టనంత మాత్రాన తమ్ముణ్ని వదులుకున్నట్టు కాదు

ప్రశ్న: నా తమ్ముడికి 22 ఏళ్లు, ర్యాలీ కారు పందేల డ్రైవర్. నాన్న రిటైర్మెంట్ డబ్బులో సగం ఇప్పటికే వాడి కారుకు పోయింది. కిందటి సీజన్‌లో తన క్లాస్‌లో (తన కారు శ్రేణిలో) రెండుసార్లు గెలిచాడు. మూడో ర్యాలీలో కారు చెట్టుకు గుద్దుకుని నుజ్జయింది. ఇప్పుడు పై స్థాయి సిరీస్‌కు వెళ్లాలట, స్పాన్సర్ దొరకలేదు కాబట్టి ఇల్లు తాకట్టు పెడదామంటున్నాడు. ఇల్లు నాన్న పేరుతో పాటు నా పేరు మీదా ఉంది. నేను సంతకం పెట్టనన్నాను. అప్పటినుంచి వాడు నాతో మాట్లాడటం లేదు. ‘రోవన్‌పెరా నా వయసుకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, ఈ ఏడాది పోతే నా పని అయిపోయినట్టే’ అంటాడు. ‘వాడి బతుక్కి నువ్వే అడ్డం’ అంటోంది అమ్మ. నాలుగు నెలలుగా సరిగ్గా నిద్ర లేదు. నాది స్వార్థమా?

జవాబు: సంతకం పెట్టకండి. ఇది స్వార్థం కాదు. తమ్ముడి మీద ప్రేమ లేకపోతే నాలుగు నెలలు నిద్ర మానుకుని నాకు ఉత్తరం రాసేవారే కాదు.

ఇంట్లో అందరూ ఈ డబ్బును పెట్టుబడి అనుకుంటున్నట్టున్నారు. ర్యాలీలో అది పెట్టుబడి కాదు, ఖర్చు. ఎంట్రీ ఫీజు, టైర్లు, పెట్రోలు, బీమా, మెకానిక్‌ల బస, స్టేజ్‌లను (పోటీ జరిగే రోడ్డు భాగాలను) ముందుగా చూసి పేస్ నోట్స్, అంటే మలుపుల వివరాలు రాసుకునే రెకీ ప్రయాణం, కారు అద్దెదైతే దెబ్బతిన్నప్పుడు కట్టాల్సిన డిపాజిట్... పోటీ ముగిసేసరికి వీటిలో తిరిగొచ్చేది దాదాపు ఏమీ ఉండదు. సర్క్యూట్ రేసులో కారు అదుపు తప్పితే పక్కన ఖాళీ స్థలమైనా ఉంటుంది. ర్యాలీలో రోడ్డు పక్కన ఉండేది చెట్టు, గుంట, బండరాయి. ఒక్క మలుపులో అంచనా తప్పితే తర్వాతి రెండు ర్యాలీల డబ్బు సస్పెన్షన్‌కూ గేర్‌బాక్సుకూ పోతుంది. పైకి వెళ్లినా ఈ బాధ తప్పదు. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రెండో శ్రేణిలోనూ సొంతంగా డబ్బు తెచ్చుకుని నడిపేవాళ్లు చాలామంది. పోయినా ఇల్లు కదలని డబ్బే ఈ ఆటలో పెట్టాలి.

స్పాన్సర్ దొరకకపోవడం చూసి మీ తమ్ముడు తనలోనే ఏదో లోపం ఉందనుకుంటున్నాడేమో. అది నిజం కాదని వాడికి మీరు చెప్పాలి. స్టేడియంలో ప్రేక్షకులంతా ఒకేచోట కూర్చుని గంటల తరబడి ఆటగాణ్ని చూస్తారు. ర్యాలీలో కార్లు నిమిషానికో రెండు నిమిషాలకో ఒకటి చొప్పున అడవి దారిలో వస్తాయి. చెట్టు పక్కన నిలబడ్డవాడికి ఒక్కో కారు కొన్ని సెకన్లే కనిపిస్తుంది. ఆ తలుపు మీద పేరు వేయించుకోవడానికి డబ్బివ్వమంటే ఏ కంపెనీ అయినా ఆలోచిస్తుంది. ప్రతిభ ఉన్న పిల్లలకూ ఈ గోడ ఎదురవుతుంది.

రోవన్‌పెరా సంగతికి వద్దాం. 2022లో 22 ఏళ్లకు ప్రపంచ ఛాంపియన్ అయిన మాట నిజమే. కానీ అతని తండ్రి హారి 2001లో స్వీడన్ ర్యాలీ గెలిచిన డ్రైవర్. ఆ అబ్బాయి ఎనిమిదేళ్లకే కారు నడిపాడు. అలాంటి ఇంట్లో పుట్టినవాడి గడియారం మీ తమ్ముడి చేతికి కట్టడం అన్యాయం. ఎలక్ట్రీషియన్‌గా పనిచేసిన సెబాస్టియన్ లోబ్ మొదటి ప్రపంచ టైటిల్ 2004లో 30 ఏళ్లకు గెలిచాడు. ఫ్రాన్స్ మోటార్ స్పోర్ట్ సమాఖ్య కొత్త డ్రైవర్ల కోసం పెట్టిన ఎంపిక పోటీలో నెగ్గి ఈ రంగంలోకి వచ్చిన సెబాస్టియన్ ఓజియే 2008లో జూనియర్ టైటిల్, 2013లో 29 ఏళ్ల వయసులో అసలు టైటిల్ అందుకున్నాడు. ఒట్ తానక్ 2012 తర్వాత సీటు పోయి స్వదేశమైన ఎస్టోనియాలో ర్యాలీలు నడిపాడు. 2019లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఒక ఏడాది పోయినంత మాత్రాన అతని పని అయిపోలేదు.

పట్టుదల ఉంటే అందరూ ఓజియేలు అవుతారని నేననను. డబ్బు లేక మధ్యలో ఆగిపోయినవాళ్ల పేర్లు మనకు తెలియవు, వాళ్లే ఎక్కువ. ఓజియేకు దారి ఎక్కడ తెరుచుకుందో మాత్రం మీ తమ్ముడు గమనించాలి. పోటీ పెట్టి ఎంపిక చేసే చోట. ప్రపంచ మోటార్ స్పోర్ట్ సమాఖ్య ఎఫ్‌ఐఏ నడిపిన ర్యాలీ స్టార్ పథకం కూడా అలాంటిదే. అందులో ఎంపికైన ఎస్టోనియా కుర్రాడు రోమెట్ యుర్గెన్సన్ 2024లో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. జాతీయ సమాఖ్యల శిక్షణ పథకాలు, అందరికీ ఒకే రకం కారుండే కప్ సిరీస్‌లు, గెలిస్తే పై మెట్టులో సీటు ఇచ్చే పోటీలు ఎక్కడెక్కడ ఉన్నాయో వాడు వెతకాలి. వెతికేది వాడే కావాలి, మీరు కాదు. పై స్థాయిలో రెండు ర్యాలీలు నడిపి డబ్బు లేక ఆగడం కన్నా ఇప్పుడున్న క్లాస్‌లోనే సీజన్ మొత్తం పూర్తిచేస్తే చూసేవాళ్లకు వాడి నిలకడ తెలుస్తుంది.

స్పాన్సర్లకు వాడు ఏం రాశాడో ఒకసారి అడిగి చూడండి. ‘నా కలకు అండగా నిలవండి’ అని రాసి ఉంటే జవాబు రాకపోవడంలో వింత లేదు. టెస్ట్ రోజున మీ ఉద్యోగులను పక్క సీట్లో కూర్చోబెట్టి తిప్పుతాను, కారును మీ ఆఫీసుకు తెస్తాను, ప్రతి ర్యాలీ తర్వాత వీడియో, నివేదిక పంపిస్తాను అని రాయాలి. ఒక పెద్ద కంపెనీ కోసం కాచుకోకుండా టైర్లు ఇచ్చేవాళ్లు ఒకరు, వ్యాన్ ఇచ్చేవాళ్లు ఒకరు అని చిన్నవి నాలుగు కూడగట్టుకోవాలి. అడగడానికి సిగ్గుపడే పిల్లలకు ఇంట్లో అడగడమే తేలికనిపిస్తుంది. ఇల్లు తాకట్టు పెట్టాలన్న ఆలోచన వెనక ఆ సిగ్గు కూడా ఉందేమో చూడండి.

మీ ఉత్తరాన్ని రెండోసారి చదివినప్పుడు రెండు లోట్లు కనిపించాయి.

అందులో తమ్ముడి మాట ఉంది, అమ్మ మాట ఉంది. నాన్న మాట ఒక్కటీ లేదు. సగం డబ్బు ఇచ్చేసిన మనిషి, ఇంటి మీద పేరున్న మనిషి ఏమంటున్నారు? ఆయన కూడా భయపడుతూ కొడుకు ముందు కాదనలేకపోతున్నారేమో. మీ ‘వద్దు’ ఆయనకు ఊరట కావచ్చు. ముందు ఆయనతో ఒంటరిగా కూర్చోండి. మిగిలిన డబ్బు ఎంత, అమ్మకూ ఆయనకూ వృద్ధాప్యంలో ఎంత అవసరం అన్నది కాగితం మీద పెట్టండి. దాన్ని తీసేశాక ఏమైనా మిగిలితే, అందులోంచి ఇవ్వాలా, ఎంతవరకు ఇవ్వాలి అన్నది ఆయన ఇష్టం. మీ జీతంలోంచి మీరు కొంత ఇవ్వదలిస్తే అది మీ ఇష్టం. ఆ మొత్తం ఎంతో ఒక్కసారి చెప్పండి, తర్వాత పెంచకండి. బయట ఎక్కడైనా అప్పు చేశాడా, పక్క సీట్లో కూర్చుని దారి చెప్పే కో-డ్రైవర్‌కు బాకీ ఉన్నాడా అని కూడా అడగండి. కోప్పడటానికి కాదు, లెక్క తేలడానికి.

రెండోది ఇంకా పెద్దది. చెట్టుకు గుద్దుకుని కారు నుజ్జయిందని రాశారు. కారు సంగతి రాశారు, వాడి సంగతి రాయలేదు. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. డబ్బు గొడవ మొదలైన ఇళ్లలో మనుషుల గురించి అడగడం మరిచిపోతారు. ఆ రోజు కారులోంచి బయటికి వచ్చినప్పుడు వాడికి ఏమనిపించిందో మీ ఇంట్లో ఎవరైనా అడిగారా? అమ్మ ఆ ఫోన్ ఎలా ఎత్తింది? ‘నువ్వే అడ్డం’ అంటున్న అమ్మ ఆ రాత్రి నిద్రపోయిందా? వాడు ఇంత తొందరపడటానికి వయసొక్కటే కారణం కాకపోవచ్చు. ఆ దెబ్బ తర్వాత వెంటనే మళ్లీ స్టీరింగ్ పట్టుకోకపోతే ఇక ఎప్పటికీ పట్టుకోలేనన్న భయం కూడా కావచ్చు. నా ఊహ తప్పయితే సంతోషం. నిజమైతే దానికి కావలసింది అప్పు కాదు, తోడు.

నాలుగు నెలల నిద్రలేమిని మీరూ తేలిగ్గా తీసుకోకండి, ఈ వారమే డాక్టర్‌ను కలవండి. వాడు ఆ ప్రమాదం గురించి కలత పడుతున్నట్టు కనిపిస్తే వాణ్నీ తీసుకెళ్లండి.

వాడు మాట్లాడకపోయినా మీరు వెళ్లి కూర్చోండి. సంతకం ఊసెత్తకండి. ‘ఆ మూడో ర్యాలీ రోజు ఏం జరిగిందిరా, మొదటినుంచి చెప్పు’ అనండి. చెప్పడం మొదలుపెడితే మధ్యలో ఆపకండి. ఇంటి విషయం వాడే ఎత్తితే, ‘ఇల్లు ఇవ్వను, నిన్ను వదలను’ అని ఈ రెండు మాటలే చెప్పండి. మళ్లీ ఆ ర్యాలీ కథ దగ్గరికే రానివ్వండి.