పెంకుటింటి నాచు: మీరు పైకెక్కకండి, పెంకనే కిందికి దించండి

వర్ధన్నపేట దగ్గరి ఊళ్లో తాతల నాటి పెంకుటిల్లు ఉందనీ, దసరాకు పోయి చూస్తే కప్పు ఉత్తరం వైపంతా పచ్చగా నాచు పట్టిందనీ రాశారు. ప్రెషర్ వాషర్ కిరాయికి తెచ్చి కొట్టిస్తే సరిపోతుందా, జారిపడకుండా పైకి ఎట్లా ఎక్కాలి అన్నది మీ ప్రశ్న.

వాషర్ వద్దు, ఎక్కడమూ వద్దు. పెంకుటింటి కప్పు మనుషులు తిరగడానికి కట్టింది కాదు. పెంకకు సాధారణంగా మేకు ఉండదు. అడుగున ఉన్న ముక్కు, పెంక కింద అడ్డంగా కొట్టిన సన్నని కట్టె పట్టీకి, అంటే రీపరుకు తగులుకుని తన బరువుతోనే నిలుస్తుంది. అంటే చేత్తో తీయొచ్చు, చేత్తోనే మళ్లీ పెట్టొచ్చు. ఇంత వీలు ఉండగా తడి నాచు మీద కాలు పెట్టి నడుము విరగ్గొట్టుకోవడం ఎందుకు?

ముందు మీ ఇంటిది ఏ పెంకో చూడండి. ఊరి కుమ్మరి చేసిన గూన అయితే, అంటే ఒకటి వెల్లకిలా ఒకటి బోర్లా పేర్చిన వంపు పెంక అయితే, దాని మీద నాచు గీకే ఆలోచనే మానుకోండి. చెయ్యి ఆనిస్తేనే పగులుతుంది. వరస వరసా దించి, కడిగి, విరిగినవి తీసేసి తిరగ కప్పించడమే దారి. బెంగుళూరు పెంక, అంటే మంగళూరు పెంక అని కూడా పిలిచేది అయితే పని కొంత సులువు. 1865లో బాసెల్ మిషన్ వాళ్లు మంగళూరులో ఫ్యాక్టరీ పెట్టి మొదలుపెట్టిన రకం అది. సుమారు 16 అంగుళాల పొడవు, 9 అంగుళాల పైచిలుకు వెడల్పు, రెండున్నర నుంచి మూడు కిలోల బరువు ఉంటుంది. పక్క అంచున గాడి ఉంటుంది. రెండు పెంకల సందులో పడ్డ నీళ్లు ఆ గాడి వెంటే కింది పెంక మీదికి దిగాలి.

నాచు వల్ల నష్టమంతా ఆ గాడి దగ్గరే. నాచుకు నిజమైన వేర్లు ఉండవు, పెంకను తొలుచుకుని పోదు. కానీ ఆకు చెత్తతో, దుమ్ముతో కలిసి గాడిని పూడ్చేస్తుంది. కిందికి పోవాల్సిన నీళ్లు అక్కడ నిలిచి, అంచు దాటి రీపరు మీద పడతాయి. రీపరు పుచ్చుతుంది, తడి కట్టెకు చెదలు వస్తాయి. కప్పు కారుతున్నదని పెంకలు మార్చేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ పెంకల్లో చాలావాటికి ఏమీ కాలేదు, గాడులు పూడుకుపోయాయి అంతే. మామూలు వానకు ఈ సంగతి బయటపడదు. 2023 జులై ఆఖరున ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అలాంటి వాన వచ్చిన రోజు పూడిన గాడి ఉన్న ఇంట్లో పొడి చోటు మిగలదు.

కనబడిన మచ్చనల్లా గీకొద్దు. పెంక మీద పలుచగా నల్లగా ఉండేది పాకురు. చూపుకు బాగుండదు గానీ దానివల్ల నష్టమేమీ లేదు, వదిలేయండి. గుండ్రంగా బూడిద రంగులో అంటుకుపోయినది లైకెన్. దాన్ని గీకితే పెంక పై పొర కూడా లేచి వస్తుంది. మెత్తగా, దిమ్మ కట్టి, వేలితో నొక్కితే దిగేదే నాచు. మీరు తీయాల్సింది అదొక్కటే.

ఇప్పుడు వాషర్ సంగతి. హనుమకొండలో ఒక పాత భవంతి ఇంటి మీద, అంటే నడుమ ఖాళీ వదిలి నాలుగు వైపులా కప్పు ఉండే ఇంటి మీద, ఈ పని జరుగుతుంటే కళ్లారా చూశాను. కార్లు కడిగే మిషన్ తెచ్చారు. పిల్లగాడు కప్పు మీదే చూరు దగ్గర నిలబడి పైకి కొడుతున్నాడు. గంటలో కప్పు ఎర్రగా కొత్తదానిలా తేలింది, వాకిట్లో నిలబడ్డవాళ్లు సంబరపడ్డారు. ఇంటి లోపల మాత్రం దూలాల మీది నుంచి ధారలు. పెంక మీద పెంక పేర్చేది పైనుంచి కిందికి పారే నీళ్ల కోసం. కింది నుంచి పైకి అంత జోరుగా కొడితే నీళ్లు అతుకు కిందికి దూరి నేరుగా ఇంట్లోకి వస్తాయి. ముసలామె ఒక్కతే మంచాలు జరుపుకుంటూ, కారిన చోటల్లా బొచ్చెలు పెట్టుకుంటూ తిరిగింది. అటుక మీది బట్టల మూటలు నానిపోయాయి. భవంతి నాలుగు మూలల్లో వాలు వాలు కలిసే చోట వేసిన రేకు కాలువల్లోకి ఊడిన నాచంతా చేరి, అవి పొంగి గోడల వెంట కారాయి. కప్పు నెత్తిన రెండు వాలులు కలిసే చోటి కొప్పు పెంకల కింది పాత సున్నం నీళ్లతో పాటు కొట్టుకుపోయింది. ఆరిన తరువాత పెంక మీద చెయ్యి రాస్తే ఎర్ర పొడి అంటింది. కాల్చినప్పుడు ఏర్పడిన గట్టి పై పొర లేచిపోయిందన్న మాట. ఆ గరుకు మీద నీళ్లు ఇంకా ఎక్కువ సేపు నిలుస్తాయి. మరుసటి వానాకాలంలో అదే వాలు మునుపటికంటే ముందే పచ్చబడింది. మడమల కింద చిట్లిన పెంకలైతే పగులు అతుకు లోపల ఉండడంతో అప్పుడు కనబడలేదు, వానలకు ఒక్కొక్కటే బయటపడ్డాయి.

ఈ పని శివరాత్రికీ ఉగాదికీ మధ్య పెట్టుకోండి. దసరా నాటికి నాచు తడిగా, జారుడుగా ఉంటుంది, గీకితే ముద్దలా గాడిలోకే పోతుంది. ఫాల్గుణం వచ్చేసరికి ఎండి, పెచ్చులుగా లేస్తుంది. ఎండిన నాచు చచ్చిందని మాత్రం వదిలేయకండి, మొదటి వానకు మళ్లీ పచ్చబడుతుంది. ఉగాది దాటితే పొద్దున తొమ్మిదికే పెంక చెయ్యి పెట్టనివ్వదు. పైగా కప్పు విప్పి ఉన్నప్పుడు గాలిదుమారం లేచి నాలుగు చినుకులు పడ్డా ఇల్లంతా ఆగం.

ఇంటి లోపల సీలింగు గానీ, పెంక కింద చెక్క గానీ లేకపోతే పనంతా లోపలి నుంచే చేయొచ్చు. మంచం మీద స్టూలు వేసి ఎక్కొద్దు. సెంట్రింగ్ వాళ్ల దగ్గర ఇనుప పరంజా కిరాయికి దొరుకుతుంది, నిలబడితే రీపర్లు మీ ఛాతీ ఎత్తుకు వచ్చేలా వేసుకోండి. వాలు మొత్తం ఒకేసారి విప్పకుండా నాలుగు అడుగుల వెడల్పు పట్టీ ఒక్కటి తీసుకోండి. కొప్పు పెంకలనూ, వాటి కింది మొదటి వరసనూ కదిలించకండి. వాటిని సున్నమో సిమెంటో పట్టి ఉంటుంది, కదిలితే కొప్పంతా మళ్లీ కట్టించాలి. రెండో వరసలో పెంక కింది అంచు కొద్దిగా లేపి పైకి నెట్టండి. ముక్కు రీపరును వదులుతుంది. అప్పుడు పెంకను పక్కకు వంచి, రెండు రీపర్ల మధ్య సందులోంచి లోపలికి దించాలి. సందు 12 అంగుళాల పైన ఉంటుంది కాబట్టి 9 అంగుళాల వైపు తేలిగ్గా దిగుతుంది. పక్క వరస కదలనంటే బలవంతం చేయొద్దు. ఏ పెంక అంచు పక్క పెంక గాడిని కప్పి ఉందో చూసి, కప్పినదాన్ని ముందు తీయాలి. ఒకటి తీసి చెయ్యి ఆడేంత చోటు దొరికిందంటే మిగతావి వరుసగా వస్తాయి.

చేతులకు మందపాటి తోలు గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. పెంక కింద తేళ్లు ఉంటాయి, కందిరీగల తుట్టెలు ఉంటాయి. పైనున్న మనిషి కింది మనిషికి ఒక్కో పెంకే అందించాలి. రెండేసి అందించబోతేనే కాళ్ల మీద పడేది. వంద చదరపు అడుగులకు దాదాపు 150 పెంకలు, అంటే నాలుగు క్వింటాళ్ల బరువు. మీరూ ఇంట్లో ఇంకొకరూ ఆదివారం పూట ముగించే పని కాదు, ముగ్గురు మనుషులను పెట్టుకోండి. దించిన పెంకలను పడుకోబెట్టి దొంతర వేయకుండా, గోడకు ఆనించి నిలువుగా పేర్చండి. కప్పు తెరిచి ఉండగానే రీపర్లను స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. మెత్తగా దిగితే ఆ ముక్క మార్చాల్సిందే, మళ్లీ ఇంత తేలిగ్గా చెయ్యి అందదు.

పెంకను తడపకుండానే ముందు వెదురు బద్దతో నాచు లేపాలి. గాడికి సరిపడా బద్ద కొన చెక్కుకుంటే లోపలి చెత్త కూడా వస్తుంది. తరువాత గట్టి నైలాన్ బ్రష్. ఇనుప తీగల బ్రష్ పెంకను గీరుతుంది, వాడొద్దు. ఆ తరువాత మందు. పది లీటర్ల నీళ్లకు 300 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ ప్లాస్టిక్ బకెట్లో కలిపి, మడ్డి కిందికి దిగాక పై తేట మాత్రమే వాడండి. బ్రష్‌తో పూసి 20 నిమిషాలు ఉంచి, మంచినీళ్లతో రెండుసార్లు కడగాలి. మూత తీసి పెట్టిన పాత పౌడర్‌లో బలం ఉండదు. బాత్‌రూములు కడిగే ఆసిడ్‌ను దీనితో కలపడం, ఒకదాని వెంట ఒకటి పోయడం ఎట్టి పరిస్థితుల్లో వద్దు. క్లోరిన్ గ్యాస్ లేచి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) చల్లమని సలహా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. దానితో నాచు చస్తుంది, నిజమే. ఆ నీళ్లు చేదబావిలోకో చేపల కుంటలోకో దిగితే ఏమవుతుందో వాళ్లు చెప్పరు. రేకు కాలువలను కూడా అది తినేస్తుంది.

కడిగిన పెంకలను ఒకరోజు పూర్తిగా ఎండనిచ్చి, ఒక్కోదాన్ని వేలి కణుపుతో కొట్టి వినండి. ఖంగుమంటే మంచిది. మొద్దుగా పలికితే కంటికి కనబడని చీలిక ఉన్నట్టు, పక్కన పెట్టేయండి. తిరిగి పెట్టేటప్పుడు చూరు నుంచి మొదలుపెట్టి పైకి పోవాలి.

లోపల చెక్క సీలింగు ఉండి, పైకి ఎక్కక తప్పదంటే మాత్రం పొడి రోజు, పొద్దున ఆరు నుంచి తొమ్మిది లోపు, పెంక మీద మంచు ఆరిన తరువాతే ఎక్కండి. చూరు 12 అడుగుల ఎత్తులో ఉంటే నిచ్చెన కాళ్లు 3 అడుగులు బయటికి ఉండాలి, పై కొన చూరు దాటి ఇంకో 3 అడుగులు ఉండాలి. దాన్ని వాసం కొనకు తాడుతో కట్టాలి, చూరు పెంకకు ఆనించొద్దు. కప్పు మీద కొప్పును పట్టుకునే కొక్కేల నిచ్చెన వేసి, దాని కింద గోనె సంచులు పరిచి, దాని మీదే ఉండాలి. ఒంటికి పూర్తి సేఫ్టీ బెల్టు వేసుకుని, తాడును కొప్పు మీదుగా అవతలి వైపు దించి వేప చెట్టు మొదలుకు కట్టాలి. వరండా స్తంభానికి కడితే స్తంభంతో సహా వస్తారు. నాచును ఎప్పుడూ పైనుంచి కిందికే గీకాలి. కింద ఒక మనిషి కదలకుండా ఉండాలి.

కరెంటు సంగతి చాలామందికి తెలియదు. ఇంట్లో మెయిన్ ఆపినా స్తంభం నుంచి కప్పు దాకా వచ్చే సర్వీసు వైరులో కరెంటు ఉంటుంది. లైన్‌మన్‌ను పిలిచి స్తంభం దగ్గరే తీయించండి. ఆ వైపు అల్యూమినియం నిచ్చెన పెట్టొద్దు, ఎండిన వెదురుది వాడండి.

నాచు మళ్లీ రాకూడదంటే చెట్టు కొమ్మ కప్పుకు రెండు మీటర్ల దూరంలో ఉండాలి. కోతులు పెంకలు కదిలిస్తున్నాయని మన ఊళ్లల్లో కప్పు మీద ముళ్లకంప వేస్తారు. కోతి బాధ మన దగ్గర ఎంత ఉందో నాకు తెలుసు, వేసేవాళ్లను తప్పుపట్టను. కానీ రాలిన ఆకంతా ఆ కంపలోనే చిక్కుతుంది, కింద నీడ, తడి ఆరవు. నాచు ముందు పట్టేది అక్కడే. కంప బదులు రీపర్ల మీద, పెంక కింద ఇనుప జాలీ పరిపించండి. పెంక కదిలినా కోతి ఇంట్లోకి దిగలేదు, ఆకు చెత్త కూడా పైన నిలవదు. కొప్పు కింద రాగి తీగ రెండు వరసలు పరిస్తే, వాన నీళ్లతో దిగే రాగి కొంత మేర నాచును ఆపుతుంది. మోటార్ వైండింగ్ షాపులో దొరికే పాత తీగకు ఎనామిల్ పూత ఉంటుంది, దాన్ని గరుకు కాగితంతో పూర్తిగా గీకకపోతే రాగి దిగనే దిగదు. చూరుకు జింకు రేకు కాలువ ఉంటే, బావిలోకో కుంటలోకో ఆ నీళ్లు పోతుంటే ఈ పని వద్దు.

నాచు మీదనే ఎర్ర పెయింటు వేసి ‘కొత్త పెంక’ అని చేతికి ఇచ్చే పెయింటర్ల మీద నాకు చాలా కోపం. ఆ రంగు కింద తడి అలాగే ఉంటుంది, వానలకు పొరలు పొరలుగా లేస్తుంది. అంతకంటే పెద్ద బాధ, మిరుగం రాకముందే ఏటేటా పెంక సర్దించే అలవాటు పోవడం. ఏటా ఒకసారి చెయ్యి పడిన కప్పు మీద నాచు దిమ్మ కట్టదు. గాడి పూడేలోపే చెత్త దులిపేస్తారు. ఆ పని తెలిసిన పెద్దమనుషులు ఊళ్లల్లో ఇంకా ఉన్నారు, పిలిచేవాళ్లే తక్కువయ్యారు. కూలి దగ్గర బేరమాడకుండా వాళ్లను పిలవండి, పక్కన ఇంట్లో పిల్లలను నిలబెట్టి పని నేర్పించండి.

పశువుల కొట్టం మీద సిమెంటు రేకులు ఉండి వాటికీ నాచు పడితే గీకొద్దు, బ్రష్ వేయొద్దు, పైకి ఎక్కనే వద్దు. పాతవాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ పోగులు ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రావు. మనిషి బరువుకు రేకు కూడా ఆగదు.

పని మొదలుపెట్టే ముందే ఒక యాభై పాత పెంకలు తెచ్చి పెట్టుకోండి. ఇళ్లు కూల్చిన సామాను అమ్మేచోట దొరుకుతాయి. మీ ఇంటి పెంక ఒకటి వెంట తీసుకుపోండి. అడుగున ఫ్యాక్టరీ ముద్ర ఉంటుంది, అదే ముద్ర ఉన్నవి ఏరుకోండి. ఒక ఫ్యాక్టరీ గాడిలో ఇంకో ఫ్యాక్టరీ అంచు సరిగా కూర్చోదు, ఆ సందులోంచే కారుతుంది.